తలకు దెబ్బ తగిలితే ‘కుచ్ నై హువా’ అనొద్దు

బాక్సింగ్, కబడ్డీ, కుస్తీ ఆడే పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఆదివారం పొద్దున గ్రౌండ్‌లో కబడ్డీ మ్యాచ్. రైడ్‌కు వెళ్ళిన కుర్రాడిని ముగ్గురు కలిసి పట్టేశారు. కింద పడేటప్పుడు అతని తల మరో ఆటగాడి మోకాలికి గట్టిగా తగిలింది. రెండు మూడు సెకన్లు కదల్లేదు. తర్వాత లేచాడు కానీ తన కోర్టు ఎటువైపో తెలియనట్టు అక్కడే నిలబడిపోయాడు. ఎవరో మొహం మీద నీళ్ళు చల్లారు. ఇంకెవరో భుజం తట్టి ‘‘కుచ్ నై హువా, ఖేల్ బేటా’’ అన్నారు. కుర్రాడు మళ్ళీ ఆటలోకి దిగాడు.

ఇది ఏ ఒక్క ఊరి కథ కాదు. గ్రౌండ్‌కు వెళ్ళే అలవాటున్న ఎవరైనా ఇలాంటిది ఒక్కసారైనా చూసే ఉంటారు. ఎక్కువసార్లు నిజంగానే ఏమీ కాదు. అందుకే మనకు ధీమా. కానీ ఆ కుర్రాడు దిక్కు తెలియక నిలబడిన ఆ కొన్ని సెకన్లే, అతని మెదడుకు దెబ్బ తగిలిందని చెప్పే గుర్తు. ఆ గుర్తును చదవడం పెద్ద చదువు కాదు. కోచ్‌కు, అబ్బాకు, అమ్మీకి, పక్కన ఆడే దోస్తుకు కూడా రావాల్సిన విద్య అది.

రింగ్ వైపు నడుస్తున్న పిల్లలు

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరి మహమ్మద్ హుసాముద్దీన్ కామన్వెల్త్ క్రీడల్లో రెండుసార్లు, 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒకసారి కాంస్యం గెలిచాడు. వీళ్ళ పతకాలు చూసి మన ఇళ్ళలో పిల్లలు గ్లౌజులు అడుగుతున్నారు. బస్తీల్లో కిక్ బాక్సింగ్, ఎంఎంఏ నేర్పే జిమ్‌లు వచ్చాయి. పాతబస్తీలో అఖాడాల సంప్రదాయం ఎప్పటినుంచో ఉన్నదే.

నిఖత్ కొత్తగా రింగ్‌లోకి దిగిన రోజుల్లో దెబ్బలు తిన్న ముఖంతో ఇంటికి వస్తే, ఈ పిల్లను ఎవరు పెళ్ళి చేసుకుంటారని తల్లి ఏడ్చిందట. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారని నిఖత్ సర్దిచెప్పిందట. ఈ సంగతి ఆమే ఇంటర్వ్యూలో చెప్పింది. నవ్వు తెప్పించే మాటే అయినా తల్లి భయం అబద్ధం కాదు. ముఖానికి దెబ్బ కంటికి కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో గొడవ అవుతుంది. తల లోపలి దెబ్బ కనిపించదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది ఆ రెండో దానికే.

తల లోపల ఏం జరుగుతుంది?

మన మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. పుర్రె లోపల నీళ్ళలాంటి ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. గిన్నెలో పెరుగు పెట్టుకుని బండి మీద వెళ్తూ ఒక్కసారి బ్రేక్ వేస్తే ఏమవుతుంది? గిన్నె ఆగుతుంది, పెరుగు ఆగదు. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు పరిస్థితి అదే. పుర్రె ఆగినా మెదడు ఊగుతుంది, మెలి తిరుగుతుంది. దానిలోని సన్నని నరాల పోగులు సాగుతాయి. కణాల పని కొంతసేపు, ఒక్కోసారి కొన్ని రోజులు గాడి తప్పుతుంది. దీన్నే డాక్టర్లు కంకషన్ అంటారు.

దెబ్బ నేరుగా తలకే తగలాలని లేదు. భుజం మీద గట్టిగా ఢీకొట్టినా, వెల్లకిలా పడినా తల ఒక్కసారిగా ఊగితే చాలు. అందుకే బాక్సింగ్‌తో పాటు కబడ్డీ, కుస్తీ, ఫుట్‌బాల్‌లో కూడా ఇది వస్తుంది.

ఇక్కడే పెద్ద అపోహ ఒకటి ఉంది. ‘‘స్పృహ తప్పలేదు కదా, ఏం కాలేదు’’ అంటారు. కంకషన్ అయిన పదిమందిలో తొమ్మిది మందికి అసలు స్పృహ తప్పదు. కనిపించే లక్షణాలు వేరే ఉంటాయి: తలనొప్పి, తల తిరగడం, వికారం, చూపు మసకబారడం, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, నడకలో తూలడం, అనవసరంగా ఏడుపు లేదా కోపం. సజ్దాలో తల వంచగానే నొప్పి పెరుగుతోందని పిల్లాడు చెబితే అదీ పట్టించుకోవాల్సిన మాటే. కొన్ని లక్షణాలు వెంటనే రావు. కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి.

గ్రౌండ్‌లోనే అడగదగ్గ ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇది ఏ గ్రౌండ్? ఇప్పుడు మొదటి సగమా, రెండో సగమా? చివరి పాయింట్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా ఓడామా? వీటిలో ఒక్కదానికి తడబడినా ఆట ఆపేయాలి. అన్నిటికీ సరిగ్గా చెప్పినా పై లక్షణాల్లో ఒక్కటి కనిపిస్తే కూడా ఆపేయాలి. అనుమానం ఉంటే బయట కూర్చోబెట్టడమే నియమం. ఆ రోజు మళ్ళీ ఆడకూడదు, ఫైనల్ అయినా సరే.

ఈ గుర్తులు ఉంటే ఆలస్యం వద్దు

కంకషన్ ఎక్కువ మందిలో దానంతట అదే తగ్గుతుంది. కానీ తల లోపల రక్తస్రావం అయితే కథ వేరు. కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలివైపున ఒక రక్తనాళం వెళ్తుంది. అక్కడ ఎముక చిట్లి ఆ నాళం తెగితే రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతుంది. భయంకరమైన విషయం ఏమిటంటే, ఇలాంటి కొన్ని కేసుల్లో దెబ్బ తగిలిన తర్వాత మనిషి కొంతసేపు మామూలుగానే ఉంటాడు. మాట్లాడతాడు, చాయ్ తాగుతాడు. గంటల్లోనే పరిస్థితి తిరగబడుతుంది.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి, లేదా న్యూరోసర్జరీ విభాగం ఉన్న దవాఖానాకు వెంటనే తీసుకెళ్ళాలి.

– తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం
– ఒకటికి రెండుసార్లు వాంతులు
– మత్తుగా ఉండటం, లేపినా సరిగ్గా లేవకపోవడం
– ఫిట్స్
– చేయి, కాలు బలహీనపడటం, తిమ్మిరెక్కడం, మాట ముద్దగా రావడం
– ఒక కంటి పాప పెద్దగా, మరొకటి చిన్నగా కనిపించడం
– ముక్కు నుంచి, చెవి నుంచి నీళ్ళలాంటి ద్రవం లేదా చెవి నుంచి రక్తం
– కొద్దిసేపైనా స్పృహ తప్పడం
– తీవ్రమైన మెడనొప్పి

మెడనొప్పి అంటున్న వాడిని, స్పృహలో లేనివాడిని చేతులు, కాళ్ళు పట్టుకుని ఎత్తి బండి మీద కూర్చోబెట్టొద్దు. మెడ ఎముకకు దెబ్బ ఉంటే అలా ఎత్తడమే కాళ్ళు చేతులు పడిపోవడానికి కారణం కావచ్చు. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ, తల, మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్స్ వచ్చేదాకా ఆగాలి.

హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, వరంగల్‌లో ఎంజీఎం, ఏపీలో గుంటూరు, కర్నూలు జీజీహెచ్‌లు, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రులకు తలకు దెబ్బలు తగిలిన కేసులు రోజూ వస్తుంటాయి. ఇంటికి దగ్గరలో రాత్రిపూట సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఎక్కడ ఉంటారో ముందే తెలుసుకుని పెట్టుకోవడం మంచిది.

స్కాన్ నార్మల్ వచ్చింది, ఇక ఆడొచ్చా?

ఆడకూడదు. సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. కంకషన్ సాధారణంగా స్కాన్‌లో కనిపించదు. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటే స్కాన్ తీసిన సమయానికి అవి కనిపించలేదని అర్థం, మెదడు కోలుకుందని కాదు. అలాగని ప్రతి చిన్న దెబ్బకూ స్కాన్ తీయించడం కూడా అవసరం లేదు. ముఖ్యంగా పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఇవ్వకూడదు. ఎప్పుడు తీయాలో డాక్టర్ చూసి చెబుతారు.

ఇంటికి పంపిన తర్వాత మొదటి 24 గంటలు పిల్లాడిని ఒంటరిగా వదలొద్దు. నిద్రపోనివ్వకూడదు అనేది పాత మాట. డాక్టర్ చూసి పంపిన తర్వాత నిద్ర మంచిదే, మనిషి పక్కన ఉంటే చాలు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ వాడకం బాగా తగ్గించాలి. అలాగని వారం రోజులు చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు. ఇంట్లో అటూ ఇటూ నడవడం మంచిదే. నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడొచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు.

రెండో దెబ్బే అసలు ప్రమాదం

మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదే అయినా, మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. ఇది చాలా అరుదు. కానీ వస్తే ప్రాణం పోతుంది, ఎక్కువగా టీనేజ్ పిల్లల్లోనే కనిపించింది. 2011లో ఉత్తర ఐర్లండ్‌లో ఒక స్కూల్ రగ్బీ మ్యాచ్‌లో 14 ఏళ్ళ విద్యార్థికి తలకు దెబ్బ తగిలింది. మళ్ళీ ఆడనిచ్చారు, మళ్ళీ దెబ్బలు తగిలాయి. మ్యాచ్ చివర్లో కుప్పకూలిన ఆ అబ్బాయి తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. విచారణలో ఇదే కారణమని తేలింది. ఆ తర్వాత ఆ కుటుంబం చేసిన పోరాటంతో అక్కడి స్కూళ్ళలో, చిన్న క్లబ్బుల్లో కంకషన్ నియమాలపై కదలిక వచ్చింది. అనుమానం వస్తే బయట కూర్చోబెట్టాలన్నదే 2023లో బ్రిటన్ అన్ని ఆటలకూ కలిపి ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం.

ఏళ్ళ తరబడి పడే దెబ్బల లెక్క వేరు. బాక్సర్లలో మాట తడబాటు, తూలుడు, మతిమరుపు కనిపిస్తున్నాయని అమెరికన్ డాక్టర్ హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశారు. రెండేళ్ళు సరదాగా నేర్చుకున్న పిల్లాడికి అంత ముప్పు ఉందని దీని అర్థం కాదు. కానీ తల మీద పడే మొత్తం దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిదన్నది మాత్రం స్పష్టం. వాటిలో ఎక్కువ భాగం పడేది పోటీల్లో కాదు, రోజూ చేసే స్పారింగ్‌లో. అందుకే వారానికి ఎన్నిసార్లు స్పారింగ్ చేయిస్తున్నారు, ఎవరితో చేయిస్తున్నారు అన్నది పతకాల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

హెడ్‌గార్డ్ ఉంటే సరిపోతుందా?

ఒలింపిక్ బాక్సింగ్‌లో హెడ్‌గార్డ్ 1984లో వచ్చింది. 2013లో అంతర్జాతీయ సమాఖ్య పెద్దస్థాయి పురుషుల పోటీల్లో దాన్ని తీసేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషులు అది లేకుండానే ఆడారు. మహిళలు మాత్రం 2024 పారిస్‌లో కూడా పెట్టుకునే ఆడారు. ఈ నిర్ణయం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. తీసేశాక ముఖం చీలిన గాయాలు పెరిగాయన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నదే.

ఇందులో తల్లిదండ్రులకు కావాల్సిన విషయం ఒకటే. హెడ్‌గార్డ్ చర్మం చీలకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. మెదడు ఊగడాన్ని ఆపలేదు. కాబట్టి పిల్లలకు అది తప్పనిసరిగా పెట్టాలి, కానీ అది ఉంది కదా అని గట్టి దెబ్బలు కొట్టుకోనివ్వకూడదు. మౌత్‌గార్డ్ మాత్రం పళ్ళకు నిజమైన రక్షణ. వేడినీళ్ళలో ముంచి కొరికితే పంటి ఆకారానికి వచ్చేవి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. విరిగిన ఒక్క పంటికి కట్టించే బిల్లుతో పోలిస్తే అది ఖర్చే కాదు.

ముఖానికి తగిలే దెబ్బలు

ముక్కు: రక్తం కారితే తల వెనక్కి వాల్చడం మన ఇళ్ళలో అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోయి వాంతి అవుతుంది. తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10–15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. దెబ్బ తర్వాత ముక్కు రెండువైపులా మూసుకుపోయి, లోపల ఎర్రగా బుడగలా కనిపిస్తే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. మధ్యగోడలో రక్తం గడ్డకట్టి ఉంటే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు కుంగిపోతుంది. ముక్కు వంకర పోతే వాపు తగ్గాక వారం, పది రోజుల్లోపే సరిచేయించాలి. ‘‘తర్వాత చూద్దాం’’ అంటే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఇందుకోసమే ఉంది.

పళ్ళు: శాశ్వత పన్ను ఊడి పడితే పారేయొద్దు. వేరు ముట్టుకోకుండా పైభాగాన్ని పట్టుకోవాలి. మట్టి ఉంటే క్షణం కడగాలి, రుద్దకూడదు. వీలైతే అదే గుంటలో పెట్టి బట్ట కొరికించాలి, లేదంటే పాలలో వేసి అరగంట, గంటలోపు డెంటిస్టు దగ్గరికి పరుగెత్తాలి. పాల పళ్ళను మాత్రం తిరిగి పెట్టకూడదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది.

దవడ, చెంప ఎముక: పళ్ళు మునుపటిలా కలవడం లేదు, నోరు తెరవలేకపోతున్నాను, కింది పెదవి లేదా చెంప తిమ్మిరిగా ఉంది అంటే ఎముక విరిగి ఉండొచ్చు. చెంప ఒకవైపు చదునుగా కనిపించినా అంతే. వాపు తగ్గాక చూపిద్దామని ఆగొద్దు.

కన్ను: రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు ముందు రక్తం పేరుకోవడం అత్యవసరం. పిల్లల్లో ఒక తిరకాసు ఉంది. కంటి గూడు ఎముక విరిగి కండరం ఇరుక్కుపోయినా కన్ను పైకి తెల్లగా, మామూలుగానే కనిపించవచ్చు. కన్ను పైకి తిప్పలేకపోవడం, తిప్పితే వాంతి రావడం దాని గుర్తు. కన్నును నలపొద్దు, నొక్కొద్దు, చుక్కల మందు సొంతంగా వేయొద్దు. మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో చూపించవచ్చు.

చెవి: ముద్దగా ముడుచుకుపోయిన చెవి అఖాడాలో పహిల్వాన్‌కు గుర్తు, కొందరికి గర్వం కూడా. నిజానికి అది సకాలంలో వైద్యం చేయించని గాయం. చెవి వాచిన కొద్ది రోజుల్లోనే రక్తం తీసి గట్టిగా కట్టు కడితే ఆకారం నిలుస్తుంది. ఇంట్లో సూదితో గుచ్చి తీస్తే చీము పడుతుంది.

చీలిన గాయం: శుభ్రమైన బట్టతో పది నిమిషాలు నొక్కి పట్టాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. అవి గాయంలో ఉండిపోయి కుట్లు వేయడం కష్టమవుతుంది, మచ్చ పెద్దదవుతుంది. కుట్లు ఆ రోజే వేయించుకుంటే మచ్చ తక్కువ. టీటీ ఇంజెక్షన్ సంగతి అడగాలి.

మళ్ళీ ఆట ఎప్పుడు?

మొదట స్కూలు, తర్వాతే ఆట. చదువుకుంటే తలనొప్పి వస్తున్న పిల్లాడు ఆటకు సిద్ధంగా లేనట్టే. తిరిగి రావడం ఆరు మెట్లు. రోజువారీ పనులు, తర్వాత నడక లేదా సైకిల్, తర్వాత తలకు దెబ్బ తగలని ఒంటరి సాధన, ఆ తర్వాత ఢీకొట్టడం లేని టీమ్ ప్రాక్టీస్, డాక్టర్ అనుమతితో పూర్తి ప్రాక్టీస్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణాలు ఎక్కువైతే ఆగి, ఒక మెట్టు కిందకు దిగాలి. పెద్దవాళ్ళు ఎక్కువ మంది రెండు వారాల్లో కోలుకుంటారు. పిల్లలకు నాలుగు వారాలు పట్టవచ్చు. బ్రిటన్ మార్గదర్శకాల్లో దెబ్బ తగిలిన నాటి నుంచి కనీసం 21 రోజుల దాకా పోటీ లేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో తలకు దెబ్బతో నాకౌట్ అయితే కనీసం 30 రోజులు రింగ్‌కు దూరంగా ఉంచే నియమం ఉంది.

చేర్చే ముందు అడగండి

ఫీజు ఎంత అని అందరూ అడుగుతారు. దానితో పాటు ఇవి కూడా అడగాలి. కోచ్‌కు ప్రథమ చికిత్స వచ్చా? తలకు దెబ్బ తగిలిన పిల్లాడి పేరు, తేదీ ఎక్కడైనా రాసి పెడతారా? ఒకే వయసు, ఒకే బరువు పిల్లలతోనే స్పారింగ్ చేయిస్తారా? టోర్నమెంట్‌లో డాక్టర్, అంబులెన్స్ ఉంటాయా? గాయమైతే ఖర్చు ఎవరిది? సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ‘‘పూర్తి బాధ్యత తల్లిదండ్రులదే’’ అనే వాక్యం ఉందేమో చదవకుండా సంతకం చేయొద్దు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. తల ఆపరేషన్ల లాంటి పెద్ద చికిత్సలకు ఇవి పనికొస్తాయి, ఓపీలో అయ్యే ప్రతి ఖర్చుకూ కాదు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళు ఆటల్లో తగిలే గాయాలను మినహాయించారేమో పత్రంలో చూసుకోవాలి. కార్డు, ఆధార్ జిరాక్సులు కిట్ బ్యాగ్‌లో ఉంటే ఆ రాత్రి వెతుక్కునే పని తప్పుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో వాతావరణం. దెబ్బ తగిలిందని చెబితే అబ్బా తిడతాడు, అమ్మీ ఆట మాన్పిస్తుంది అనే భయం ఉంటే పిల్లలు దాచేస్తారు. అమ్మాయిలైతే ఇంకా ఎక్కువగా దాస్తారు, ఎందుకంటే వాళ్ళకు ఆడే అనుమతి దొరకడమే కష్టం. దాచిన తలనొప్పితోనే మర్నాడు మళ్ళీ రింగ్‌లోకి దిగుతారు. ‘‘దెబ్బ తగిలితే చెప్పు, ఆట మాన్పించం, కొన్ని రోజులు ఆపుతాం అంతే’’ అని ముందే ఒక మాట ఇవ్వండి, ఆ మాట మీద నిలబడండి. గ్రౌండ్‌లో ఎవరైనా ‘‘కుచ్ నై హువా’’ అన్నప్పుడు, ‘‘లేదు ఉస్తాద్, ఈ రోజుకు చాలు’’ అని చెప్పే ధైర్యం ఆ పిల్లలకు అక్కడి నుంచే వస్తుంది.